‘పొగరు’కు ఇంగ్లీషు విశేషణం: పటాన్‌చెరు పారిశ్రామిక వాడ నేపథ్యంలో ధిక్కార పదాల పరిశీలన

వ్యాససంగ్రహం:
హద్దు మీరిన ధైర్యాన్ని నిందించే ఇంగ్లీషు విశేషణాలు ఇంపుడెంట్, ఇన్సొలెంట్, ఇంపర్టినెంట్, బ్రేజన్, ఆడేషియస్. ద్విభాషా నిఘంటువులలోను, ఇంగ్లీషు నేర్పే పుస్తకాలలోను ఇవి దాదాపు ఒకే తెలుగు పదాల వరుసతో సరిపెట్టబడుతున్నాయి. ఈ మాటలు ఎవరు ఎవరిని గురించి అంటారు, ఏ వాక్యనిర్మాణంలో అంటారు అనే సంగతి ఆ వరుసలో కనిపించదు. సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఇవి పాఠ్యపుస్తకం దాటి మెమోలలోకి, అభియోగ పత్రాలలోకి చేరుతాయి. అక్కడ విశేషణం ఉద్యోగాన్ని నిర్ణయిస్తుంది. ఈ పదాల స్వభావాన్ని, వాటికి దీటైన తెలుగు మాటల సామాజిక మూలాలను, తెలంగాణ మాండలిక సంబోధన ఇంగ్లీషులోకి మారేటప్పుడు జరిగే అర్థభంగాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ధిక్కారం, పొగరు, విశేషణం, అనువాదం, తెలంగాణ మాండలికం, స్థాయీ ఉత్తర్వులు, పటాన్‌చెరు

1. సొంతవాక్యం

తెలుగునాట బడికి వెళ్లిన ప్రతివారికీ ‘కింది పదాలను సొంతవాక్యాలలో ఉపయోగించండి’ అనే ప్రశ్న పరిచయమే. ఇంగ్లీషు తరగతిలోనూ అదే అభ్యాసం. ‘ఇంపుడెంట్’ అనే మాట ఇస్తే విద్యార్థి సాధారణంగా ఇలా రాస్తాడు: ది ఇంపుడెంట్ బాయ్ ఆన్సర్డ్ బ్యాక్ టు హిజ్ టీచర్. వ్యాకరణరీత్యా తప్పులేదు, మార్కులు పడతాయి. ఆ వాక్యంలో ఎదురు చెప్పింది పిల్లవాడు, నొచ్చుకున్నది ఉపాధ్యాయుడు. పిల్లవాడి స్థానంలో నౌకరును, ఉపాధ్యాయుడి స్థానంలో యజమానిని పెట్టినా వాక్యం చెడదు. తారుమారు చేసి, యజమాని నౌకరు పట్ల ఇంపుడెంట్‌గా ప్రవర్తించాడని రాస్తే మాత్రం ఇంగ్లీషు తెలిసినవారికి ఏదో ఎబ్బెట్టుగా తోస్తుంది. ఆ ఎబ్బెట్టుతనం వ్యాకరణానిది కాదు. మాటలోనే ఎక్కుదల ఉంది. అది కింది నుంచి పైకి పోయే ధైర్యానికి మాత్రమే పెట్టిన పేరు.

సొంతవాక్యాల అభ్యాసం ఈ ఎక్కుదలను నేర్పుతుందే గాని చెప్పదు. విద్యార్థి పదంతోపాటు ఒక అంతస్తుల క్రమాన్ని కూడా బట్టీపడతాడు. పదేళ్ల తరువాత అదే విద్యార్థి ఐ.టి.ఐ. లేదా డిప్లొమా పూర్తిచేసి పాశమైలారంలోనో బొల్లారంలోనో ఒక కర్మాగారంలో చేరినప్పుడు, ఆ విశేషణం తన పేరు పక్కన టైపై వచ్చే అవకాశం ఉంది. అప్పుడు సొంతవాక్యం రాసేది అతను కాదు.

సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంతం ఈ పరిశీలనకు అనువైనది కావడానికి కారణం దాని భాషాస్థితి. 1960ల్లో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, 1980ల్లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చాయి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, బొంతపల్లి, గడ్డపోతారం వాడలలో ఔషధ, రసాయన, ఇంజనీరింగు పరిశ్రమలు పెరిగాయి. మెదక్ పల్లెల తెలుగు, హైదరాబాదు దక్కనీ, కోస్తా జిల్లాల నుంచి వచ్చిన అధికారుల తెలుగు, బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కార్మికుల భాషలు ఒకే షెడ్డు కింద కలిశాయి. మాట్లాడేది ఇన్ని భాషల్లో. కాగితం మీదికి ఎక్కేది ఎక్కువగా ఇంగ్లీషు.

2. ఇంగ్లీషు విశేషణాల పుట్టుక, పొందిక

ఈ కుటుంబంలోని మాటలన్నీ ఒకే నిందను వేర్వేరు దిక్కుల నుంచి చేస్తాయి. ఇంపుడెంట్ లాటిను నుంచి వచ్చింది, మూలార్థం సిగ్గులేని. ఇన్సొలెంట్ కూడా లాటినుదే, అలవాటు లేని, మామూలుకు మించిన అనే భావం దాని అడుగున ఉంది. ఇంపర్టినెంట్ అంటే మొదట సంబంధం లేనిది. తనకు సంబంధించని విషయంలో తలదూర్చినవాడి మీదికి అది తరువాత మళ్లింది. అరొగెంట్‌లో తనకు చెందనిదాన్ని తనకు ఆరోపించుకోవడం ఉంది. బ్రేజన్ ఇంగ్లీషు సొంత మాట: ఇత్తడితో చేసినది. ఎర్రబడని ముఖం, లోహపు ముఖం. ఆడేషియస్ ఒక్కటే రెండు వైపులా పదునున్న కత్తి, మెచ్చుకోవడానికీ తిట్టడానికీ పనికివస్తుంది. వ్యాపార పత్రికలు సంస్థాధిపతి నిర్ణయాన్ని ఆడేషియస్ అంటే అది ప్రశంస. సెక్షన్‌లో పనిచేసే మనిషి డిమాండును ఆడేషియస్ అంటే ప్రశంస కాదు.

ఇన్సొలెంట్ ఎల్లప్పుడూ పైకే పోదు. హామ్లెట్ స్వగతంలో షేక్స్పియర్ ఆ మాటను కుర్చీలో కూర్చున్నవారి మీదికి తిప్పాడు. కాని వాడుక ఇంగ్లీషులో, ముఖ్యంగా వలస పాలన విడిచిపెట్టిపోయిన కార్యాలయ ఇంగ్లీషులో, ఆ ప్రయోగం నిలవలేదు. పై అధికారి కఠినుడు, మహా అయితే అరొగెంట్. కింది ఉద్యోగి ఇన్సొలెంట్.

వాక్యనిర్మాణం సంగతి ఇంకా ముఖ్యం. హి ఈజ్ ఇంపుడెంట్ అంటే మనిషి స్వభావమే అది. హి వాజ్ బీయింగ్ ఇంపుడెంట్ అంటే ఆ కాసేపటి ప్రవర్తన. ఇట్ వాజ్ ఇంపుడెంట్ ఆఫ్ హిమ్ టు ఆస్క్ అంటే అడగడమనే ఒక్క పనిమీద వ్యాఖ్య. మొదటి వాక్యం మనిషిని తూచింది, మూడవది పనిని తూచింది. ఇంగ్లీషు వ్యాకరణం ఇచ్చిన ఈ సూక్ష్మమైన సదుపాయాన్ని మన ఇంగ్లీషు పాఠాలు పెద్దగా పట్టించుకోవు. నేర్పేది మొదటి రూపమే. తరువాత రాసేదీ అదే.

తెలుగులో ఈ తేడాలు లేవని కాదు, ఇంకా స్పష్టంగా ఉన్నాయి. ‘వాడికి పొగరు’ అన్నప్పుడు చతుర్థి విభక్తి ఆ గుణాన్ని మనిషికి జ్వరంలాగా, ఆకలిలాగా అంటగడుతుంది. ‘పొగరుగా మాట్లాడాడు’ అన్నప్పుడు అది మాట తీరు మాత్రమే. ‘వాడికి పొగరెక్కింది’ అంటే నిన్నటిదాకా లేనిది ఇవాళ వచ్చింది, దానికో కారణం ఉంది: డబ్బో, చదువో, సంఘమో. ఈ మూడో వాక్యమే సామాజికంగా అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. ఏది ఎక్కడం వల్ల పొగరు ఎక్కిందో వక్త మనసులో ఒక లెక్క ఉంటుంది. ఇంగ్లీషు విశేషణం దగ్గర ఆ లెక్క చెరిగిపోతుంది.

3. కొవ్వు, బలుపు, కావరం

తెలుగు నిందాపదాలను ఒకచోట చేర్చి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. ఇంగ్లీషు మాటలు సిగ్గు చుట్టూ, ముఖం చుట్టూ తిరిగితే తెలుగు మాటలు ఒంటి చుట్టూ, తిండి చుట్టూ తిరుగుతాయి. కొవ్వెక్కింది, ఒళ్లు బలిసింది, కండకావరం, మదమెక్కింది, తిన్నది అరగక మాట్లాడుతున్నాడు. కళ్లు నెత్తికెక్కడం, తలబిరుసు, నోటి దురుసు కూడా దేహానికి సంబంధించినవే. సిగ్గుమాలిన, బరితెగించిన అనే మాటలు ఉన్నా, కోపంలో నోటికి ముందుగా వచ్చేవి తిండి మాటలే.

దీని అర్థమేమిటి? ఒక మనిషి నిండుగా తినడమే అతని ఎదురుమాటకు కారణమని ఈ పలుకుబడులు చెబుతున్నాయి. కడుపు మాడినంతకాలం అణకువగా ఉన్నాడు, నాలుగు మెతుకులు ఎక్కువ పడగానే నోరు లేచింది అని. జీతగాడికి గింజలు కొలిచి ఇచ్చే వ్యవస్థలో, వెట్టి చేయించుకున్న గడీల నీడలో ఈ పదజాలం ఎవరి నోట పండిందో ఊహించడం కష్టం కాదు. ‘దొరకు అహంకారం, జీతగానికి పొగరు’ అని విడదీసి చూస్తే ప్రవర్తన ఒకటే, పేర్లు రెండు. అహంకారంలో తత్త్వశాస్త్రపు గౌరవం కొంత మిగిలి ఉంది. కొవ్వులో ఆ పాటి గౌరవం కూడా లేదు.

తెలంగాణ మాటలు ఇంకొంత వైవిధ్యాన్నిస్తాయి. ‘గీర’లో డాబు, మొండితనం కలిసి ఉంటాయి. ‘నకరాలు’, ‘మస్తీ’ ఉర్దూ నుంచి వచ్చి ఇక్కడి నేలలో కలిసిపోయాయి. ఆ రెంటిలో ఆట పాలు ఎక్కువ, నేరం పాలు తక్కువ. ‘ఎక్వ తక్వ మాట్లాడకు’ అనే హెచ్చరిక ఎంత నిక్కచ్చిదో గమనించాలి. అది మాట కొలతను గురించినది. ఎదుటివాడికి ఎంత మాట కేటాయించబడిందో, దానికి మించవద్దని. ‘అడ్డం మాట్లాడుడు’, ‘ఎదురు మాట్లాడుడు’ అనేవి దిశను గురించినవి. వీటిలో ఏ ఒక్కటీ ఇంపుడెంట్‌కు ఎదురుగా నిఘంటువులో సులభంగా కూర్చోదు.

స్త్రీల విషయం వేరుగా చెప్పాలి. మగవాడు బరితెగించాడంటే భయం విడిచాడని. ఆడది బరితెగించిందంటే ఆ నింద తిన్నగా శీలం మీదికి పోతుంది. ‘మగరాయుడు’, ‘గయ్యాళి’ కూడా అంతే, మాట్లాడిన విషయాన్ని పక్కకు నెట్టి మాట్లాడిన మనిషిని స్త్రీజాతి నుంచి వెలివేస్తాయి. ప్యాకింగ్ విభాగంలో పనిచేసే స్త్రీ మరుగుదొడ్డి విరామం గురించి గట్టిగా అడిగితే, ఆ గట్టిదనానికి తెలుగులో దొరికే పేర్లు ఇవి. ఇంగ్లీషులో రూడ్ అని రాస్తే కొంత మేలే అనిపిస్తుంది. అనువాదం ఒక్కోసారి ఇలాంటి చిత్రమైన ఉపకారం కూడా చేస్తుంది.

ఇదే నిందాపదజాలం సినిమా పోస్టరు ఎక్కేసరికి అలంకారమవుతుంది. ‘ఇడియట్’ (2002), ‘పోకిరి’ (2006), ‘దేశముదురు’ (2007), ‘దూకుడు’ (2011), ‘బలుపు’ (2013) అన్నీ కథానాయకుడికి పెట్టిన బిరుదులే. తెర మీద నాయకుడు అధికారి ముఖం మీదే మాట విసిరితే ఈలలు పడతాయి. ఈల వేసినవారిలో మరునాడు మొదటి షిఫ్టుకు వెళ్లేవారూ ఉంటారు. ఈ వైరుధ్యాన్ని సినీ విమర్శ చూడవలసినంతగా చూడలేదు.

4. శాస్త్రం పెట్టిన పేర్లు

సంస్కృత శాస్త్రాలలో ఈ గుణానికి కచ్చితమైన పేర్లున్నాయి. శృంగార నాయకులు నలుగురు: అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు. ధనంజయుని దశరూపకం మొదలుకొని ఓరుగల్లులో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం వరకు ఈ విభాగం కనిపిస్తుంది. వీరిలో ధృష్టుడు తప్పు బయటపడినా భయపడనివాడు. ఇంపుడెంట్‌కు ఇంతకంటె దగ్గరి మాట మరొకటి లేదు. ఇంకో విశేషం, ‘ధృష్’ ధాతువుకు, ఇంగ్లీషు ‘డేర్’ క్రియకు భాషాశాస్త్రజ్ఞులు ఒకే మూలాన్ని చెబుతారు. నాయికలలో ముగ్ధ, మధ్యల తరువాతది ప్రగల్భ. అక్కడ ప్రాగల్భ్యం ప్రౌఢిమ, ఆత్మవిశ్వాసం. తెలుగులోకి దిగి ‘ప్రగల్భాలు’ అయ్యేసరికి ఉత్తుత్తి గొప్పలుగా తేలిపోయింది. ‘సాహసం’ అందుకు తలకిందులు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అది బహిరంగంగా, బలవంతంగా చేసే నేరం. జరిమానాలకు పూర్వ, మధ్యమ, ఉత్తమ సాహసదండాలనే పేర్లు. ఇవాళ తెలుగులో సాహసం మెప్పు. మాటలు నేరం నుంచి గుణానికి, గుణం నుంచి నేరానికి ప్రయాణం చేస్తాయనడానికి ఈ రెండూ చాలు.

ధర్మశాస్త్రాల వ్యవహారపదాలలో ‘వాక్పారుష్యం’ ఒకటి. మాటతో గాయపరచడం. శిక్ష మాటను బట్టి మాత్రమే కాక, అన్నవాడి వర్ణాన్ని, పడినవాడి వర్ణాన్ని బట్టి కూడా మారుతుంది. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం ద్విజుణ్ణి దూషించిన శూద్రుడికి నాలుక కోత విధించింది. విశేషణానికి ఎక్కుదల ఉన్నదని పైన అన్నది ఇంగ్లీషుకే పరిమితమైన సంగతి కాదని ఇది గుర్తుచేస్తుంది.

తెలుగు సాహిత్యంలో కిందివాడు పైవాణ్ణి నిలదీయడానికి నిరాటంకంగా చోటు దొరికింది దేవుడి ముందు. గోలకొండ చెరసాలలో ఉన్న కంచెర్ల గోపన్న ‘ఇక్ష్వాకుల తిలక’ కీర్తనలో రాముణ్ణి నగల లెక్క అడిగి, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని అదే కీర్తనలో క్షమాపణ కోరుకున్నాడు. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకం, కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం ఈ దారిలోనివే. విమర్శకులు దీనికి నిందాస్తుతి, అధిక్షేపం అని పేర్లు పెట్టి అలంకార గౌరవమిచ్చారు. గమనించదగింది ఏమంటే, గోపన్న మాట దురుసైనదని ఎవరూ కాదనరు. ఆ దురుసుతనం వెనుక దెబ్బలున్నాయి కనుక దాన్ని పొగరు అనరు. కారణం తెలిసినప్పుడు విశేషణం మారుతుంది.

ఆధునిక కాలంలో గురజాడ ‘కన్యాశుల్కం’ ఇంగ్లీషుకు, ఈ గుణానికి ముడివేసింది. గిరీశం చేతిలో ఇంగ్లీషు ఒక తెగింపు. వెంకమ్మ ముందు గురుశిష్యులిద్దరూ పొంతన లేని ఇంగ్లీషు వల్లించి మెప్పుపొందే ఘట్టంలో ఆ భాషకు అర్థంతో పనిలేదు, దర్పంతోనే పని. అర్థం కాని భాష ముందు ఇల్లు తలవంచింది. అర్థం కాని మెమో ముందు కార్మికుడు తలవంచడం ఆ ఘట్టానికి ఎంతో దూరంలో లేదు. తేడా అల్లా, ఇక్కడ నవ్వు రాదు.

5. ‘నువ్వు’ అనే నేరం

భద్రిరాజు కృష్ణమూర్తి ప్రభృతులు తెలుగును ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలాలుగా విభజించారు. తెలంగాణ ఉత్తర మండలం. ఈ మండలపు పల్లె వాడుకలో పెద్దవారిని, గౌరవనీయులను కూడా ఏకవచన క్రియతో చెప్పడం సర్వసాధారణం: ‘సారు వచ్చిండు’, ‘మా నాయిన చెప్పిండు’. ఎదుట నిలబడి ‘సార్, నువ్వు జెప్పినవ్ గద’ అన్నా అందులో అగౌరవం లేదు. గౌరవం ‘సార్’లో ఉంది, గొంతులో ఉంది, నిలబడిన తీరులో ఉంది. మధ్య మండలపు శిష్టవ్యవహారం గౌరవాన్ని సర్వనామంలోను, క్రియాంతంలోను కూడా వెదుకుతుంది. ‘మీరు చెప్పారు కదండీ’ అనే చెవికి ‘నువ్వు జెప్పినవ్’ ములుకులా గుచ్చుకుంటుంది.

ఒక నిర్మిత ఉదాహరణ తీసుకోవచ్చు. ఒక రసాయన కర్మాగారంలో ఆపరేటరు సూపర్‌వైజరుతో ఇలా అన్నాడనుకుందాం: ‘సార్, ఆ వాల్వు ఇంకా గట్లనే కారుతున్నది. మొన్ననే జెప్పిన గద. నువ్వొక్కసారి వచ్చి సూడు.’ మెదక్ పల్లెలో పెరిగినవారికి ఇది చనువుతో, ఆందోళనతో చేసిన విన్నపం. ‘సూడు’ ఆజ్ఞార్థకమైనా ‘ఒక్కసారి’ దాన్ని బతిమాలుగా మార్చింది. ‘గద’ నెపం మోపడం కాదు, జ్ఞాపకం చేయడం. మరో ప్రాంతపు చెవిలో ఇవే మూడు వాక్యాలు మూడు తప్పులుగా వినిపిస్తాయి: నువ్వు అన్నాడు, ముందే చెప్పానని ఎత్తిపొడిచాడు, వచ్చి చూడమని ఆజ్ఞాపించాడు. ఇప్పుడు ఇంగ్లీషు: ది ఆపరేటర్ అడ్రెస్డ్ ది సూపర్‌వైజర్ ఇన్ యాన్ ఇన్సొలెంట్ మ్యానర్ అండ్ ఆర్డర్డ్ హిమ్ టు ఇన్‌స్పెక్ట్ ది వాల్వ్.

ఈ ఒక్క వాక్యంలో జరిగిన నష్టం పరిశీలించాలి. ఇంగ్లీషులో నువ్వు, మీరు రెండూ యూ. అభియోగానికి మూలమైన సర్వనామం అభియోగ పత్రంలో కనిపించే అవకాశమే లేదు. ‘సార్’ అనే గౌరవవాచకం జారిపోయింది. ‘ఒక్కసారి’ జారిపోయింది. వాల్వు కారుతున్నదనే సమాచారం, ముందే తెలియజేసినాననే వాంగ్మూలం రెండూ పోయాయి. మిగిలింది ఇన్సొలెంట్. వినేవారి నొప్పి చెప్పేవాడి గుణంగా మారింది. భాషాశాస్త్రపరంగా ఇది మాండలిక భేదం. కాగితం మీద దుష్ప్రవర్తన.

బడి పలుకుల ఆధిక్యాన్ని, పలుకుబడుల భాష మీద చిన్నచూపును కాళోజీ జీవితాంతం ఎదిరించాడు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9 ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం. సభల్లో యాసకు గౌరవం పెరిగిందనడం నిజమే. కవిత్వంలో, సినిమాలో ‘నువ్వు జెప్పినవ్’కు చప్పట్లు దొరికాయి. షాప్‌ఫ్లోర్‌లో ఆ పలుకు స్థితి ఎలా ఉందన్నది మాండలిక పరిశోధనలు ఇంకా చేయవలసిన పని. ఉత్తరాది కార్మికుల విషయంలో ఇదే సమస్య ఆప్, తుమ్, తూల మధ్య ఎదురవుతుంది. హైదరాబాదు దక్కనీకి, భోజ్‌పురికి, కార్యాలయ హిందీకి మర్యాద కొలతలు ఒకటి కావు.

6. అభియోగ పత్రంలో విశేషణం

1946 నాటి పారిశ్రామిక ఉద్యోగ (స్థాయీ ఉత్తర్వుల) చట్టం కింద వచ్చిన కేంద్ర నియమాలలో నమూనా స్థాయీ ఉత్తర్వులు ఉన్నాయి. వాటిలో దుష్ప్రవర్తనల జాబితా ఉద్దేశపూర్వకమైన అవిధేయతతో మొదలవుతుంది. పై అధికారి ఇచ్చిన చట్టబద్ధమైన, సమంజసమైన ఆదేశాన్ని కావాలని పాటించకపోవడం. ఇక్కడ మూడు షరతులున్నాయి: ఆదేశం ఉండాలి, అది సమంజసమైనదై ఉండాలి, ఉల్లంఘన బుద్ధిపూర్వకమై ఉండాలి. ఇంపుడెంట్, ఇన్సొలెంట్ అనే విశేషణాలకు ఈ మూడింటితోనూ పనిలేదు. అవి వినేవారికి ఎలా తోచిందో చెబుతాయి. అవిధేయత నిరూపించవలసిన ఆరోపణ, ఔద్ధత్యం ఒక అభిప్రాయం. మెమో రాసేవారు ఈ రెంటినీ అండ్ అనే ఒక్క సముచ్చయంతో కలిపేసినప్పుడు అభిప్రాయం ఆరోపణ బరువును అరువు తెచ్చుకుంటుంది. ఆరోపణ నిర్దిష్టంగా ఉండాలన్నది సహజన్యాయ సూత్రం. విశేషణం ఎంత ఘాటైనదైనా నిర్దిష్టం కాదు.

మాట దురుసుకు ఉద్యోగం పోవలసిందేనా అనే ప్రశ్న సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. రమాకాంత్ మిశ్రా కేసు (1982)లో అనుచితమైన, బెదిరింపు ధోరణి గల మాటకు ఉద్యోగం నుంచి తొలగించడం మితిమీరిన శిక్ష అని న్యాయస్థానం భావించింది. మహీంద్రా అండ్ మహీంద్రా – నరవడే కేసు (2005)లో అసభ్య దూషణకు తొలగింపును సమర్థించింది. రెండు తీర్పులు పరస్పర విరుద్ధాలని తొందరపడనక్కరలేదు. అనుచితమైన మాట వేరు, బూతు వేరు, రెంటికీ సందర్భాలు వేరు. శిక్ష తగినదో కాదో పరిశీలించే అధికారం పారిశ్రామిక వివాదాల చట్టంలోని 11–ఎ సెక్షను ద్వారా 1971లో కార్మిక న్యాయస్థానాలకు వచ్చింది. అయితే తగినదో కాదో తేల్చడానికి అన్న మాట ఏమిటో తెలియాలి. అన్న మాట తెలుగులో పలికి, ఇంగ్లీషు విశేషణంగా మాత్రమే దాఖలైతే, తూచడానికి త్రాసులో వేసేదేముంది?

మరొక చట్టం దీనికి ఎదురుదిక్కున నిలుస్తుంది. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన 41–హెచ్ సెక్షను, ఆసన్న ప్రమాదం ఉన్నదని తోచినప్పుడు యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును కార్మికులకు ఇచ్చింది. పై ఉదాహరణలోని ఆపరేటరు చేసింది సరిగ్గా అదే. అంటే ఒకే ఉచ్చారణ ఒక చట్టం వెలుగులో హక్కు, ఒక విశేషణం నీడలో దుష్ప్రవర్తన. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా మరణించారు. ఆ ఘటన కారణాలు తేల్చడం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. ఇలాంటి వాడలో ‘సార్, కారుతున్నది’ అనే మాటను దాని స్వరాన్ని బట్టి కొలవడం ఎంత ఖరీదైన అలవాటో చెప్పడానికి మాత్రమే ఈ ప్రస్తావన.

7. నిఘంటువులు చేయదగిన పని

సి.పి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువుల నుంచి గ్విన్ సంకలనం చేసిన ఆక్స్‌ఫర్డ్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు (1991) వరకు ద్విభాషా నిఘంటువులు తెలుగుకు చేసిన సేవ తక్కువది కాదు. వాడుకభాషను పట్టించుకున్న గుణం ఈ రెంటికీ ఉంది. లోపం వాటి తరువాత వచ్చిన చౌకబారు సంగ్రహాలది, పోటీపరీక్షల పదకోశాలది. అవి ఇంపుడెంట్, ఇన్సొలెంట్, అరొగెంట్ మూడింటికీ ‘పొగరుబోతు, గర్విష్ఠి, అమర్యాదకర’ అనే ఒకే మాల వేస్తాయి. అరొగెంట్ పై నుంచి కిందికీ పోగలదని, ఇంపుడెంట్ పోలేదని ఎక్కడా ఒక ముక్క ఉండదు. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం వంటి కృషి మాండలిక పదాలను ప్రామాణిక తెలుగుతో కలిపింది. వాటిని ఇంగ్లీషుతో కలిపే మూడో మెట్టు మిగిలే ఉంది.

ఆ మెట్టు కడితే ఆరోపంలో రెండు వివరాలు తప్పనిసరి. మొదటిది దిశ: ఎవరు ఎవరిని అంటారు. రెండవది ఆశ్రయం: మనిషినా, పనినా, మాట తీరునా. ఇంపుడెంట్‌కు ‘పెద్దల ఎదుట సిగ్గు విడిచి మాట్లాడిన’ అని రాస్తే, పెద్దలెవరో నిర్ణయించే బాధ్యత చదివేవాడి కళ్ల ముందుకు వస్తుంది. ఇన్సొలెంట్‌కు ‘ఎక్వ తక్వ మాట్లాడిన’ అన్నది మెదక్ నేలమీద ఏ సంస్కృత సమాసం కంటెను బాగా అతుకుతుంది. అవిధేయతను మాత్రం ఈ గుంపులో కలపకూడదు. అది గుణం కాదు, క్రియ.

1946 చట్టంలోని 9వ సెక్షను స్థాయీ ఉత్తర్వులను ఇంగ్లీషులోను, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోను ప్రత్యేక బోర్డుల మీద ప్రదర్శించాలని చెప్పింది. ఆ చట్టం విషయాలు 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కలిసినా, దశాబ్దాలపాటు ఈ వాడల మెమో భాషను తీర్చిదిద్దింది అదే. ఆ బోర్డు తెలుగులో ఇన్‌సబార్డినేషన్‌కు ‘అవిధేయత’ అని రాస్తే ఒక అర్థం, ‘ధిక్కారం’ అని రాస్తే మరొక అర్థం, ‘ఎదురు మాట్లాడుట’ అని రాస్తే పూర్తిగా వేరొక అర్థం. మొదటిది ఆదేశాన్ని పాటించనివారికి, రెండవది అధికారాన్ని లెక్కచేయనివారికి వర్తిస్తుంది. మూడవది వాల్వు కారుతున్నదని రెండోసారి చెప్పినవారికి కూడా వర్తిస్తుంది. ఈ మూడింటిలో ఏ మాట ఎంచుకోవాలన్నది ఇంతవరకు అనువాద సమస్యగా ఏ తెలుగు శాఖ పాఠ్యప్రణాళికలోకి వచ్చినట్లు కనిపించదు. గేటు పక్కన గోడమీది ఆ బోర్డు కూడా సేకరించి, సరిపోల్చి చదవదగిన పాఠమే.